ఉద్యోగాలు చేశాక దేవుని సేవకు పిలుపు అనిపిస్తే: రాయలసీమ విశ్వాసులకు ఒక సమగ్ర మార్గదర్శి

సేవకు పిలుపు వచ్చిందని గట్టిగా అనిపించగానే చాలామంది మొదట చేసే పని ఉద్యోగం మానేయడం. నిజానికి అది అన్నిటికన్నా చివర చేయాల్సిన పని. పిలుపు నిజమైతే ఏడాదో రెండేళ్లో ఆగినంత మాత్రాన పోదు. ఆగితేనే అది ఎంత లోతైనదో మీకూ, మీ ఇంట్లోవాళ్లకూ, మీ సంఘానికీ తెలుస్తుంది.

నేను లెక్కలు రాసే ఉద్యోగం నుంచి సంఘ కాపరి పనిలోకి వచ్చినవాణ్ని. ఇదే ప్రశ్నతో వచ్చినవాళ్లతో చాలాసార్లు కూర్చున్నాను. ప్రొద్దుటూరులో బట్టల కొట్టు నడిపినవాళ్లు, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసినవాళ్లు, కర్నూలులో మెడికల్ రెప్పులు, అనంతపురంలో ప్రైవేటు స్కూలు టీచర్లు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ చేసి తిరిగి ఊరికి వచ్చినవాళ్లు. ముప్పైల్లో, నలభైల్లో ఉంటారు. ఇంట్లో భార్యాపిల్లలు ఉంటారు, బ్యాంకు కిస్తీలు ఉంటాయి. పద్దెనిమిదేళ్ల కుర్రాడికి చెప్పే మాటలు వీళ్లకు సరిపోవు. అందుకే వాళ్ల కోసం ఇది విడిగా రాస్తున్నాను.

మొదటి మెట్టు: మీరు విన్నది ఏమిటో రాసుకోండి

ఒక నోటుపుస్తకం తీసుకోండి. ఈ ఆలోచన ఎప్పుడు మొదలైంది, ఆ రోజుల్లో మీ జీవితంలో ఏం జరుగుతోంది, ఏ వాక్యం పదేపదే ఎదురైంది, ఎవరు ఏమన్నారు, అన్నీ రాయండి. అప్పుడే అందరికీ చెప్పకండి. సంఘంలో సాక్ష్యం చెప్పేశాక వెనక్కి తిరిగి ఆలోచించుకోవడం కష్టమవుతుంది, పదిమంది కళ్లు మీ మీదే ఉంటాయి.

బైబిల్లో పిలుపు ఒకే తీరుగా రాలేదు. మోషేకు వచ్చినప్పుడు అతను మామ మందను మేపుతున్నాడు, వయసు ఎనభై. ఎలీషా పొలంలో దున్నుతున్నాడు. ఆమోసు పసుల కాపరి. మత్తయి సుంకపు మెట్టు దగ్గర కూర్చున్న ఉద్యోగి. ఇక సమూయేలు అయితే పిలిచింది దేవుడని తెలియక మూడుసార్లూ ముసలి ఏలీ దగ్గరకే పరుగెత్తాడు. అది దేవుని స్వరమని గుర్తుపట్టింది ఏలీ. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి: తనకు వినబడింది ఏమిటో సమూయేలుకే ఒంటరిగా తెలియలేదు.

మన ప్రాంతంలో పిలుపులా కనిపించే సంగతులు కొన్ని ఉన్నాయి. వాటిని విడదీసి చూడాలి.

అన్నిటికన్నా బరువైనది అమ్మ మొక్కుబడి. పసితనంలో బిడ్డకు జబ్బు చేస్తుంది, డాక్టర్లు చేతులెత్తేస్తారు. "బతికితే నీ సేవకే ఇస్తాను ప్రభువా" అని తల్లి మోకరిస్తుంది. బిడ్డ బతుకుతాడు. పెద్దవాడై డిగ్రీ చదివి ఉద్యోగంలో చేరతాడు. ఆ తర్వాత జీవితంలో ఏ దెబ్బ తగిలినా ఇంట్లో ఒకటే మాట: "సేవకిచ్చిన బిడ్డవి, లోకంలోకి పోయావు, అందుకే ఇట్లా జరుగుతా ఉంది." వ్యాపారం దెబ్బతిన్నా అదే మాట, పెళ్లి సంబంధం తప్పిపోయినా అదే మాట. ఈ భారాన్ని నలభై ఏళ్లు మోసి, చివరికి భయం కొద్దీ సేవలోకి వచ్చినవాళ్లను చూశాను. ఆ భయం తర్వాత ప్రసంగంలోకి కూడా వస్తుంది. వినేవాళ్లకు కూడా దేవుడంటే భయమే మిగులుతుంది.

అమ్మ ప్రార్థనను చిన్నచూపు చూడమని నేను చెప్పను. మనలో చాలామందిమి ఆ ప్రార్థనల వల్లే నిలబడ్డాం. కానీ హన్నా కథను చివరిదాకా చదవండి. ఆమె మొక్కుబడి సమూయేలును మందిరం దాకా తీసుకొచ్చింది. ప్రవక్త కావడానికి దేవుడే ఒక రాత్రి అతన్ని పేరు పెట్టి పిలవాల్సి వచ్చింది. అమ్మ మొక్కుబడి తలుపు తీయగలదు, లోపలికి రమ్మనాల్సింది దేవుడే. ఆ పిలుపు మీకు విడిగా వచ్చిందా అని అడగండి. రాకపోతే అమ్మ చేయి పట్టుకుని, ఆమె ప్రార్థన దేవుడు విన్నాడనీ, మీరు బతికి ఉండటమే దానికి జవాబనీ ప్రేమగా చెప్పండి.

రెండోది, పెద్ద సభల్లో ఎవరో ప్రసంగీకుడు తల మీద చేయి పెట్టి "నీ మీద పిలుపుంది" అనడం. రాసుకోండి, ప్రార్థనలో పెట్టండి, దాని మీదే ఇల్లు కట్టకండి. ఆయనకు మీ అప్పులు తెలియవు, మీ కోపం తెలియదు, మీరు ఇంట్లో ఎట్లా మాట్లాడతారో తెలియదు.

మూడోది, ఉద్యోగం పోవడం, పై అధికారితో పడకపోవడం, వ్యాపారంలో నష్టం. దేవుడు ఇలాంటి సమయాల్లో కూడా మాట్లాడతాడు, అందులో సందేహం లేదు. కానీ ఒక ప్రశ్న వేసుకోండి. రేపు ఉదయం ఫోన్ వచ్చి, జీతం రెట్టింపు చేసి, అడిగిన ఊరికి బదిలీ ఇస్తామంటే ఈ కోరిక ఉంటుందా? ఉంటుందనిపిస్తే ముందుకు చదవండి. మనసు తడబడితే మీకు ఇప్పుడు కావాల్సింది మంచి ఉద్యోగం. దానికోసం ప్రార్థించడంలో తప్పేమీ లేదు.

రెండో మెట్టు: చేసిన ఉద్యోగాలను తిరగేసి చూడండి

సేవకు రావాలనుకునేవాళ్లు గడిచిన ఏళ్లను "లోకంలో వృథా చేశాను" అంటుంటారు. ఆ మాట నాకు నచ్చదు. లూకా వైద్యం నేర్చినవాడు. పౌలు డేరాలు కుట్టేవాడు, కొరింథులో ఉన్నప్పుడు కూడా ఆ పని చేసుకుంటూనే సువార్త చెప్పాడు.

చేసిన ప్రతి ఉద్యోగం గురించి రెండు ప్రశ్నలకు జవాబు రాయండి. అక్కడ మనుషులు కష్టం చెప్పుకోవడానికి మీ దగ్గరకు వచ్చేవాళ్లా? ఏ పని చేసేటప్పుడు మీకు టైమ్ తెలిసేది కాదు? కండక్టరుగా పనిచేసిన ఒకతను తన డిపోలో ఎవరికి ఇంట్లో గొడవైనా తన దగ్గరకే వచ్చేవారని, అది తనకు భారంగా అనిపించేది కాదని చెప్పాడు. ఆ మాట నాకు ఎన్నో దర్శనాలకన్నా బలమైన సూచనగా అనిపించింది. మరొకామె నర్సు. రోగి చనిపోయాక బంధువులతో కూర్చోవడం తప్ప ఉద్యోగంలో మిగతావన్నీ యాంత్రికంగా అనిపించేవట. అలాంటి జవాబులు రెండు మూడు కనిపిస్తే వాటిని వదలకండి.

మీ జవాబులన్నీ మైకు, స్టేజీ, పదిమందిలో గుర్తింపు చుట్టూనే ఉంటే ఇంకొన్నాళ్లు ఆగండి.

మూడో మెట్టు: ఒక ఏడాది పూర్తిగా, ఒకరి చేతి కింద

అన్ని మెట్లలో ఇదే ముఖ్యమైనది. ఉద్యోగం చేసుకుంటూనే మీ సంఘ కాపరి దగ్గరకు వెళ్లి, "అయ్యగారూ, ఒక సంవత్సరం పాటు మీరు ఏ పని చెబితే అది చేస్తాను, ప్రసంగం మాత్రం ఇవ్వకండి" అని అడగండి. పల్పిట్ చివర్లో వస్తుంది. సంఘంలో ఎవరూ చూడని పనులే మీ పిలుపును తేల్చిచెబుతాయి.

ఎందుకు ఏడాది అంటున్నానంటే, మన ప్రాంతంలో సంఘం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. క్రిస్మస్ నెలలో గుడి నిండుగా ఉంటుంది, 31 రాత్రి ఆరాధనకు నిలబడటానికి చోటుండదు. అది చూసి సేవ అంటే ఇదే అనుకోకండి. కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపు సంఘాలను ఆ తర్వాత నెలల్లో చూడండి. సగం ఇళ్లకు తాళాలుంటాయి. జనం మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోయి ఉంటారు. ఊళ్లో ముసలివాళ్లు, వాళ్ల దగ్గర వదిలిన చిన్నపిల్లలు మిగులుతారు. ఆదివారం గుళ్లో పదిమంది కూర్చుంటే ఎక్కువ. ఆ పదిమంది కోసం మీరు అంతే శ్రద్ధగా వాక్యం సిద్ధం చేసుకోగలరా? ముసలావిడకు మందులు అయిపోతే ఆదోనికి వెళ్లి తెస్తారా? బడి మానేసిన పిల్లవాణ్ని మళ్లీ బడికి పంపడానికి హెడ్‌మాస్టరు గారితో మాట్లాడతారా? ఆ నెలల్లో మీకు సంతోషం కలిగితే నేను మీ పిలుపును నమ్మడం మొదలుపెడతాను.

అనంతపురం వైపు మరో పాఠం. వానలు లేక వేరుశనగ పోతే కానుక పెట్టె కూడా ఖాళీ అవుతుంది. కోతపండుగకు బస్తాలు తెచ్చే రైతులే ఆ ఏడు మొహం చాటేస్తారు, ఇవ్వలేకపోయామన్న సిగ్గుతో. వాళ్ల ఇంటికి కానుక ఊసెత్తకుండా వెళ్లి, కూర్చుని, నీళ్లు తాగి, ప్రార్థన చేసి రావడం కాపరి పని. ఇది ఏ కాలేజీలోనూ నేర్పరు.

ఆ ఏడాదిలో ఈ పనులన్నీ మీ చేతుల మీదుగా జరగాలని నా సలహా. కర్నూలు పెద్దాసుపత్రిలో మీ ఊరి రోగి ఉంటే వారానికి ఒకసారి వెళ్లండి. అక్కడికి అనంతపురం నుంచి, తెలంగాణ నుంచి, కర్ణాటక నుంచి కూడా వస్తారు, ఎవరూ తోడు లేనివాళ్లు కనిపిస్తారు. సండే స్కూల్ పిల్లలకు చెప్పండి, వాళ్లు మొహమాటపడరు, విసుగొస్తే వెంటనే చూపించేస్తారు. కూలి పనికి వెళ్లేవాళ్ల ఇళ్లలో రాత్రి తొమ్మిదికి జరిగే కుటుంబ ప్రార్థనలకు వెళ్లండి, మరుసటి రోజు మీ డ్యూటీ ఉన్నా సరే. సంఘం లెక్కల పుస్తకం రాయండి. ఒక మరణం జరిగిన ఇంట్లో మొదటి నుంచి భూస్థాపన దాకా ఉండండి. శ్మశాన స్థలం గురించి తగాదా వచ్చే ఊళ్లు మనకు తక్కువేమీ కాదు. ఆ సమయంలో రెవెన్యూ ఆఫీసుకు, పోలీసు స్టేషనుకు ఓపికగా తిరిగే మనిషి ఆ కుటుంబానికి కాపరి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. కొన్ని సంఘాల్లో కులం పేరుతో, ఇంటిపేర్ల పేరుతో, ఊరి పార్టీల పేరుతో గీతలు ఇప్పటికీ ఉన్నాయి. కమిటీ ఎన్నికల్లో అవి బయటపడతాయి. మీరు ఏ వైపు మనిషి అని అడుగుతారు. ఆ ఒత్తిడిలో ఏడాది పాటు ఎవరి వైపూ మాట జారకుండా, ఎవరినీ చిన్నచేయకుండా ఉండగలిగారా? మీరే గమనించుకోండి.

ఏడాది ముగిశాక అడగాల్సిన మనుషులు ఉన్నారు. మీ కాపరి ఒకరు. మీ ఉద్యోగంలో పక్క సీటులో ఉండే, క్రైస్తవుడు కాని సహోద్యోగి మరొకరు. సంఘపు అధ్యక్షుడికి బయటివాళ్ల దగ్గర మంచి పేరు ఉండాలని పౌలు తిమోతికి రాశాడు కదా. మీ గురించి పొగడకుండా మాట్లాడే పెద్దాయనో పెద్దావిడో ఇంకొకరు. "నేను సేవకు వెళ్లాలా?" అని అడిగితే అందరూ "ఆమేన్" అనేస్తారు. "నా దగ్గర ఏం లోపం ఉంటే నన్ను కాపరిగా పెట్టుకోవడానికి భయపడతారు?" అని అడగండి. జవాబు విన్నాక వాదించకండి. అంతియొకయలో బర్నబాను, సౌలును పంపాలన్న మాట సంఘం ఉపవాసంతో ఆరాధిస్తుండగా వచ్చింది, పంపింది కూడా సంఘమే. వాళ్లంతట వాళ్లు బయలుదేరలేదు.

నాలుగో మెట్టు: ఇల్లు

భర్త పాస్టరయితే భార్య జీతం లేకుండా "అమ్మగారు" అయిపోతుంది. స్త్రీల కూడిక ఆమెది, ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ అన్నం పెట్టేది ఆమె, చీర రంగు దగ్గర నుంచి పిల్లల మార్కుల దాకా సంఘమంతా మాట్లాడుకునేది ఆమె గురించే. అందుకని ఆమెను మీ ఎదుట కాకుండా, ఆమె నమ్మే ఒక పెద్దావిడ ద్వారా విడిగా అడిగించండి. "దేవుని చిత్తమైతే నేనేమంటాను" అన్న మాట ఒప్పుకోలు కింద లెక్కలోకి రాదు. ఆమెకు ఉద్యోగం ఉంటే దాన్ని వదలమనకండి. ఆ జీతమే మిమ్మల్ని మొదటి ఏళ్లలో నిజాయితీగా నిలబెట్టొచ్చు. పిలుపు భార్యకు వచ్చి, భర్త ఉద్యోగంలో ఉన్న ఇళ్లు కూడా ఉన్నాయి. అక్కడ కూడా ఇదే నియమం.

డబ్బు లెక్క కాగితం మీద వేయండి. చదువుకునే ఏళ్లలో ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు, తల్లిదండ్రుల మందులు. చేతిలో కనీసం ఒక ఏడాది ఖర్చు లేకుండా బయలుదేరవద్దని నేను గట్టిగా చెబుతాను. అప్పులు తీరాలి. చీటీ పాడి ఎత్తుకున్న డబ్బు మిగిలి ఉంటే కట్టేయాలి. స్నేహితుల లోన్లకు జామీను సంతకాలు పెట్టి ఉంటే అవి ఎక్కడి దాకా వచ్చాయో కనుక్కోండి. సేవకుడి ఇంటికి అప్పులవాళ్లు వస్తే ఆ మాట సంఘమంతా పాకుతుంది, వాక్యం చెప్పడానికి నోరు రాదు. ప్రభుత్వం పాస్టర్లకు ఇచ్చే నెలకు ₹5,000 గౌరవ వేతనాన్ని ఈ లెక్కలో వేసుకోకండి. అది అందరికీ రాదు, వచ్చినా ఇల్లు నడవదు.

పిల్లలకు కూడా చెప్పండి. పదో తరగతిలో ఉన్న అమ్మాయికి స్కూలు మారడం ఎంత టెన్షనో మనకు తెలియదు.

ఐదో మెట్టు: ఏ సంఘం ద్వారా, ఏ దారిలో

మీరు పెరిగిన సంఘంలోనే ముందు తలుపు తట్టండి. పద్ధతులు ఒక్కో సంఘానికి ఒక్కోలా ఉంటాయి.

సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం). ఈ సంఘం 1947 సెప్టెంబర్ 27న ఏర్పడింది. కడప, జమ్మలమడుగు, గుత్తి ప్రాంతాల్లో లండన్ మిషన్ నాటిన సంఘాలు రాయలసీమ డయోసిస్‌లో (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) ఉన్నాయి. నంద్యాల, ముత్యాలపాడు వైపు ఎస్‌పీజీ మిషన్ సంఘాలది నంద్యాల డయోసిస్. ఇక్కడ మీ ప్రెస్బిటర్ (సంఘ గురువు) గారి సిఫారసు, పాస్టరేట్ కమిటీ ఆమోదం, డయోసిస్ ఇంటర్వ్యూ, ఆ తర్వాత వేదాంత విద్య, అనుభవం కోసం కొంతకాలం పని, తర్వాత మొదట డీకన్‌గా (సహాయ గురువుగా), ఆపై ప్రెస్బిటర్‌గా అభిషేకం అన్న వరసలో సాగుతుంది. అభ్యర్థుల వయసుకు పరిమితి ఉంటుంది కాబట్టి మిగతావాటికన్నా ముందు డయోసిస్ ఆఫీసులో అదే కనుక్కోండి. స్త్రీలకు ఇక్కడ తలుపు తెరిచే ఉంది. సీఎస్‌ఐ మొత్తంలో మొదటి మహిళా బిషప్ ఎగ్గోని పుష్పలలిత గారు 2013లో నంద్యాల డయోసిస్‌లోనే బాధ్యత తీసుకున్నారు. మన సీమ మట్టిలో జరిగిన ఈ సంగతిని సేవకు రావాలనుకునే ప్రతి ఆడపిల్లకూ చెప్పాలి.

బాప్టిస్టు సంఘాలు. కర్నూలులో కోల్స్ పేరుతో ఉన్న పాఠశాల, గుడి చుట్టూ పెరిగిన కుటుంబాలకు ఇది తెలిసిన దారే. ఇక్కడ బిషప్ ఉండరు, స్థానిక సంఘం మాటే పెద్దది. మీ సంఘం మిమ్మల్ని సిఫారసు చేయకపోతే ముందుకు కదలడం కష్టం.

కతోలిక సంఘం. కర్నూలు మేత్రాసనం (డయోసిస్) 1967లో, కడప మేత్రాసనం 1976లో ఏర్పడ్డాయి. గురువు (ఫాదర్) కావాలంటే అవివాహితులై ఉండాలి. తత్వశాస్త్రం, వేదాంతం కలిపి చాలా ఏళ్ల శిక్షణ ఉంటుంది. ఉద్యోగం చేసి వచ్చిన అవివాహితులు మొదట తమ గుడిని చూసే విచారణ గురువుతో, ఆయన ద్వారా మేత్రాసనంలో దైవపిలుపుల బాధ్యత చూసే ఫాదర్‌తో మాట్లాడాలి. పెళ్లయినవాళ్లు నిరుత్సాహపడనక్కర్లేదు. ఊళ్లలో విశ్వాసాన్ని నిలబెట్టింది చాలాచోట్ల ఉపదేశులే, అంటే గురువు కాకుండానే విశ్వాసాన్ని బోధించేవాళ్లే. ఆ ఉపదేశి సేవకు పోప్ ఫ్రాన్సిస్ 2021లో సంఘంలో ఒక నియమిత పరిచర్య స్థానం ఇచ్చారు.

పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాలు. దారి చిన్నదిగా కనిపిస్తుంది: ఒక సీనియర్ పాస్టరు గారి దగ్గర శిష్యరికం, బైబిల్ స్కూల్, తర్వాత అభిషేకం. చిన్నదిగా ఉన్నందువల్లే ఇక్కడ ఎక్కువ జాగ్రత్త కావాలి. మిమ్మల్ని ప్రశ్నించే మనుషులు లేకపోతే మీరే వెతికి పెట్టుకోండి. కానుకల లెక్క మీ భార్య చేతిలోనో తమ్ముడి చేతిలోనో కాకుండా, సంఘంలో మరో ఇద్దరి చేతిలో ఉంచండి. పాత సంఘం నుంచి నలభై కుటుంబాలను తీసుకొచ్చి పక్క వీధిలో బోర్డు పెట్టడాన్ని నేను సేవ అనను.

ఈ నాలుగు దారుల్లో ఏదీ మీకు సరిపడకపోవచ్చు. అప్పుడు విన్సెంట్ ఫెర్రర్ గారిని గుర్తు చేసుకోండి. జెసూట్ సభ అనే కతోలిక సన్యాసుల సంఘం తరఫున మన దేశానికి వచ్చిన ఆయన 1969లో అనంతపురం చేరారు. తర్వాత ఆ సభను వదిలి, పెళ్లి చేసుకుని, 2009లో కన్నుమూసేదాకా ఈ కరువు నేల పేదల మధ్యే ఉన్నారు. ఆయన స్థాపించిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఆసుపత్రి బత్తలపల్లిలో ఈనాటికీ ఉంది. అభిషేకం పొందడమే సేవకు ఉన్న ఒకే రూపం అనుకునేవాళ్లు ఒకసారి ఆ దారిన వెళ్లి చూడాలి.

ఆరో మెట్టు: చదువు

"పరిశుద్ధాత్మ నేర్పిస్తాడు, కాలేజీ ఎందుకు" అనే మాట వింటుంటాం. నేను ఒప్పుకోను. జనం తమ ప్రాణాలంత విలువైన సంగతులు మన చేతిలో పెడతారు, కాబట్టి నేర్చుకోవడం మన బాధ్యత.

ప్రధాన సంఘాల్లో అడిగేది శ్రీరాంపూర్ కాలేజీ సెనేట్ ఇచ్చే బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) డిగ్రీ. ఆ కాలేజీని 1818లో కేరీ, మార్ష్‌మన్, వార్డ్ స్థాపించారు, 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన చార్టర్‌తో దానికి డిగ్రీలు ఇచ్చే హక్కు వచ్చింది. మామూలు డిగ్రీ చేసినవాళ్లకు బీడీ నాలుగేళ్లు. తెలుగు సంఘాలు కలిసి 1964లో రాజమండ్రిలో మొదలుపెట్టి, తర్వాత హైదరాబాద్‌కు మార్చిన ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ ఈ సెనేట్‌కు అనుబంధమే. మరికొన్ని కాలేజీల్లో ఎండివ్ (మాస్టర్ ఆఫ్ డివినిటీ) ఉంటుంది, డిగ్రీ ఉన్నవాళ్లకు సాధారణంగా మూడేళ్లు. మీ సంఘం దేన్ని గుర్తిస్తుందో రాతపూర్వకంగా తెలుసుకున్నాకే ఫీజు కట్టండి.

ఉద్యోగంలో ఉండగానే మొదలుపెట్టగల దారి కూడా ఉంది. క్రైస్తవ అధ్యయనాల్లో శ్రీరాంపూర్ సెనేట్ దూరవిద్య కోర్సులు నడుపుతుంది. అవి బీడీకి బదులు కావు. కానీ రాత్రి పిల్లలు పడుకున్నాక ఒక గంట పుస్తకం ముందు కూర్చోగలరా లేదా అన్నది వాటితో తేలిపోతుంది. నలభై ఏళ్ల వయసులో గ్రీకు, హీబ్రూ అక్షరాలు దిద్దడం కష్టమే. సంపాదించే మనిషిగా ఇంట్లో ఉన్న గౌరవాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టి, ఇరవై రెండేళ్ల కుర్రాళ్ల పక్కన బెంచీ మీద కూర్చోవడం అంతకన్నా కష్టం. దానికి మనసును ముందే సిద్ధం చేసుకోండి.

డబ్బులిస్తే గౌరవ డాక్టరేటు ఇచ్చేవాళ్ల దగ్గరకు మాత్రం వెళ్లకండి. పేరు ముందు ఆ రెండక్షరాలు పెట్టుకుని సంఘం ఎదుట నిలబడటం అబద్ధం ఆడటమే.

ఏడో మెట్టు: కాగితాలు, చట్టాలు

ఈ భాగాన్ని చాలామంది దాటేస్తారు, తర్వాత ఇబ్బంది పడతారు.

కులధ్రువీకరణ పత్రం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే ఎస్సీ హోదా ఉంది. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారు మన రాష్ట్రంలో బీసీ-సీ కిందకు వస్తారు. ఈ ఉత్తర్వు అన్యాయమని నేను నమ్ముతాను, దాని మీద పోరాటం జరుగుతూనే ఉంది. అయినా చట్టం ఇప్పటికి అదే. ఎస్సీ పత్రంతో ఉద్యోగం, ఇంటి స్థలం, పిల్లల స్కాలర్‌షిప్ పొందుతున్న కుటుంబం బహిరంగంగా పాస్టరు సేవలోకి వచ్చేముందు తెలిసిన వకీలుతో కూర్చోవాలి. దీన్ని ఎలా సరిచేసుకోవాలో ప్రతి కుటుంబం మనస్సాక్షితో, ముందుగానే తేల్చుకోవాలి. పల్పిట్ మీద సత్యం చెప్పే మనిషి మీద ఇంకెవరో ఫిర్యాదు పెట్టేదాకా ఆగకూడదు.

పెళ్లిళ్లు. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం అధికారం ఉన్నవారే పెళ్లి జరిపించాలి. ఎపిస్కోపల్ సంఘాల్లో (బిషప్పులు ఉండే సంఘాల్లో) అభిషేకం పొందినవారికి ఆ అధికారం అభిషేకంతోనే వస్తుంది. మిగతావారికి లైసెన్సు కావాలి. అది లేకుండా చేస్తే శిక్ష ఉంటుంది, ఆ జంటకు కూడా చిక్కులు వస్తాయి.

విదేశీ డబ్బు. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ) చట్టం 2010 కింద నమోదు లేకుండా విదేశాల నుంచి సేవ కోసం విరాళం తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి, నమోదైన ఒక సంస్థ మరో సంస్థకు దాన్ని బదిలీ చేయకూడదు కూడా. "మా సంస్థ ఖాతాలో వేయించి మీకు ఇస్తాం" అనేవాళ్లను నమ్మకండి.

మీ ఉద్యోగం నుంచి రావాల్సినవి. ప్రైవేటు ఉద్యోగంలో ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ వస్తుంది. ఈపీఎఫ్‌లో పదేళ్ల సర్వీసు ఉంటే 58 ఏళ్ల తర్వాత నెలవారీ పింఛనుకు అర్హత ఉంటుంది. మీకు తొమ్మిదేళ్లు దాటి ఉంటే ఇంకొన్ని నెలలు ఆగండి, దేవుడు ఆ కొన్ని నెలలకు కోపగించుకోడు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఇరవై ఏళ్ల సర్వీసు తర్వాత స్వచ్ఛంద పదవీ విరమణకు వీలుంది. 2004 సెప్టెంబర్ 1 నుంచి చేరినవాళ్లు సీపీఎస్‌లో (కంట్రిబ్యూటరీ పింఛను పథకంలో) ఉంటారు, వాళ్ల లెక్క వేరు. మీ ఆఫీసులో సర్వీసు రూల్స్ తెలిసినవాళ్లతో మాట్లాడండి.

ఎనిమిదో మెట్టు: రాజీనామా

సంఘం సిఫారసు చేతికి వచ్చింది, ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు, కాలేజీలో సీటు ఖాయమైంది, అప్పులు తీరాయి. ఇప్పుడు రాజీనామా రాయండి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఇంకొంత ఆగండి.

వదిలేటప్పుడు నోటీసు గడువు పూర్తిగా పనిచేయండి. మీ పని నేర్చుకునే మనిషికి అన్నీ చూపించి రండి. ఆఫీసులో ఎవరితోనైనా మాటలు లేకుండా ఉంటే ఆ చివరి వారంలో వెళ్లి మాట్లాడండి. మీరు వెళ్లింది దేవుని పనికని వాళ్లకు తెలుసు, మీరు ఎలా వెళ్లారన్నదే వాళ్లు గుర్తుపెట్టుకుంటారు.

దారిలో ఎక్కడైనా "వద్దు" అన్న జవాబు రావచ్చు. డయోసిస్ ఇంటర్వ్యూలో ఎంపిక కాకపోవచ్చు, వయసు దాటిపోయి ఉండవచ్చు, భార్య మనసు ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు వెంటనే ఇంకో సంఘం పేరు పెట్టుకుని మొదలుపెట్టకండి. మూడో మెట్టులో చేసిన పనులు ఉన్నాయి కదా, వాటిని కొనసాగించండి. ఆసుపత్రి వార్డులో మిమ్మల్ని చూసి లేచి కూర్చునే రోగికి మీ అభిషేకంతో పని లేదు. రెండేళ్ల తర్వాత మళ్లీ అడగండి.

"సరే" అన్న జవాబు వస్తే మొదటి నియామకానికి సొంత ఊరు కోరుకోకండి. బంధువులు, పాత తగాదాలు, చిన్నప్పటి పేరు పెట్టి పిలిచేవాళ్లు ఉన్నచోట మొదటి ఏళ్లలో కాపరి పని సాగదు. పత్తికొండ, కళ్యాణదుర్గం, మైదుకూరు, ఏదైనా పంపిన చోటికే వెళ్లండి. వెళ్లిన మొదటి నెలలో ఏదీ మార్చకుండా సంఘంలోని ప్రతి ఇంటికీ ఒకసారి తిరగండి. ఎవరింట్లో ఎవరు మంచం మీద ఉన్నారో, ఎవరు సుగ్గికి పోయారో, ఏ పిల్ల చదువు ఆగిపోయిందో నోటుపుస్తకంలో రాసుకోండి. రెండో నెల పని ఆ పుస్తకంలోంచే మొదలవుతుంది.